వెనక్కి నడిచిన మా బావ

మా బావ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నాకు కొంచెం కష్టమే. నేను ఆయనకి బావమరిదిని. ఆయన్ని ఆటపట్టించడం మా అక్క పెళ్ళినాడే నాకు దక్కిన హక్కు, దాన్ని నేను ఏనాడూ వృథాగా పోనివ్వలేదు. కానీ ఆయన ఉద్యోగం చివరికొచ్చిన రోజుల్లో జరిగింది చెప్పాలంటే వెక్కిరింత ఒక్కటే చాలడం లేదు. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. మధ్యలో నోరు జారితే అది అలవాటు అనుకోండి.

బావది బస్సు డిపోలో పని. డ్రైవరు కాదు, కండక్టరూ కాదు. తిరిగొచ్చిన బస్సుల్ని వెనక భాగం గోడవైపు వచ్చేలా, ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టించడం ఆయన పని. బస్సు వెనకాల, డ్రైవరుకి అద్దంలో కనిపించేచోట నిలబడి, మెడలో విజిల్, చెయ్యి గాల్లో, "రానీ... రానీ... రానీ..." అంటూ వెనక్కి నడుస్తాడు. ఆయన వెనకడుగు వేసిన కొద్దీ బస్సు ఆయన మీదకి వస్తూ ఉంటుంది. తన వీపుకి గోడ తగలబోయే ముందు విజిల్ వేసి పక్కకి తప్పుకుంటాడు. బస్సుకీ గోడకీ మధ్య మడిచిన గొడుగు పట్టేంత సందు మిగులుతుంది. కుర్ర డ్రైవర్లు ఆయన్ని విజిల్ మావయ్య అంటారు. చేరినప్పటి నుంచీ ఇదే పని. ఆ మనిషి జీవితంలో ముందుకి నడిచిన దూరం కంటే వెనక్కి నడిచిన దూరమే ఎక్కువ ఉంటుందని నా అనుమానం.

డిపో బయట మాత్రం అందరిలాగే ముందుకి నడిచేవాడు. అదీ ఎలాగంటే, ఎక్కడో ఇల్లంటుకున్నట్టు. మా అక్క వెనక. సంచీ అక్క చేతిలో. పెళ్ళికైనా, ఆసుపత్రికైనా, కూరగాయలకైనా ఇదే వరస. ఆయన ఏ మలుపు తిరిగాడో, ఏ కొట్లో దూరాడో అక్క ఊహించుకోవాల్సిందే. ఒకసారి బజారులో ఆయన వీపే అనుకుని ఇంకెవరిదో తెల్లచొక్కా వెంట వీధి చివరిదాకా నడిచింది. ఆ తెల్లచొక్కా ఆయన తన ఇంటి గేటు తీస్తూ వెనక్కి తిరిగి, "ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు. అక్క ఇల్లు చేరేసరికి మా బావ గుమ్మంలో నిలబడి, తాళంచెవి పట్టుకుని ఎక్కడికి పోయావంటూ కేకలు.

"కొంచెం నెమ్మదిగా నడవమని చెప్పకూడదా అక్కా?" అన్నాను.

"చెబుతూనే ఉన్నానురా. వీపుకి చెవులుండవుగా," అంది.

రిటైర్మెంటు దగ్గరపడుతున్న కొద్దీ ఒంట్లో ఒక్కొక్కటీ ఆయన కంటే ముందే రిటైరవడం మొదలుపెట్టింది. మొదట దవడ పళ్ళు. తర్వాత, ఆయనకి తోడుగా అన్నట్టు, అక్కకి షుగరు. రోజూ సాయంత్రం నడవమని డాక్టరు చెప్పాడు. అక్క నడవలేదు. ఆయన వెంట వెళ్తే అది నడక కాదు, తరమడం అంది. ఆ తర్వాత బావ కుడి మోకాలు. అడుగు ముందుకి పడితే లోపల మేకు దిగ్గొట్టినట్టుందన్నాడు. మోకాళ్ళ డాక్టరు ఎక్స్‌రే తీయించి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసి, "అరిగింది," అన్నాడు, చెప్పు సంగతి చెప్పినంత తేలిగ్గా.

తమాషా ఏమిటంటే, డిపోలో వెనక్కి నడుస్తున్నప్పుడు ఆ మోకాలు కిక్కురుమనేది కాదు. బావకి ఈ సంగతి తట్టడానికి కొన్ని వారాలు పట్టింది, ఆయన బుర్రకి అది వేగం కిందే లెక్క. ఒక సాయంత్రం పని దిగి డిపో గేటు బయట రెండడుగులు ముందుకేశాడు, నొప్పి. అటు తిరిగి రెండడుగులు వెనక్కేశాడు, నొప్పి లేదు. ఇంక ఆలోచించలేదు. అక్కడి నుంచి ఇంటి దాకా వెనక్కే నడుచుకుంటూ వచ్చేశాడు.

అక్క తలుపు తీస్తే ఎదురుగా ఆయన వీపు.

"ఎక్కడికండీ, తలుపు కొట్టి వెళ్ళిపోతున్నారు?"

"వెళ్ళడం కాదే. వస్తున్నాను."

అక్క ఫోన్ చేస్తే పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి ఆయన హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి వీపు ముందు పెట్టుకుని తిరుగుతున్నాడు. మొహం కొత్తగా ఉద్యోగం వచ్చినవాడిలా వెలిగిపోతోంది.

"ఏమైంది బావా?"

"ఏమీ కాలేదురా. అదే కదా నేను చెప్పేది. నొప్పి లేదు."

మర్నాడు ఆయన్ని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. డాక్టరు చివాట్లు పెడతాడని నా ఆశ. అంతా విని, "కొంతమందికి వెనక్కి నడిస్తే మోకాలికి సుఖంగానే ఉంటుంది. తప్పేం లేదు. కాకపోతే ఎక్కడికి వెళ్తున్నారో చూసుకోవాలి," అన్నాడు. మొదటి మాట బావ మందుచీటీలా జేబులో పెట్టుకున్నాడు. ఆఖరి మాట నా నెత్తిన పడింది.

నాది కళ్ళద్దాల షాపు. ఆయన కళ్ళజోడు కొసలకి చెరో చిన్న అద్దం బిగించి ఇచ్చాను, బస్సుకి ఉన్నట్టే. నా పనితనం మీద నాకు గర్వమే కానీ, అది మనుషులకి పనికొచ్చే వస్తువు కాదని రెండో రోజే తేలింది. కుడి అనుకున్నది ఎడమ అవుతుంది, దూరం అనుకున్నది మీదకొచ్చేస్తుంది. అలా వెనక్కి వెనక్కి వెళ్ళి మంగలి షాపులో దూరి సరాసరి కుర్చీలో కూలబడ్డాడు. అక్కడి పెద్ద అద్దంలో ఈయన చిన్న అద్దాలు, వాటిలో మళ్ళీ ఈయన. కళ్ళు తిరిగి కాసేపు కళ్ళు మూసుకుంటే, వచ్చాడు కదా అని మంగలి జుట్టు కత్తిరించేశాడు.

ఆ గుండుకి దగ్గర్లో ఉన్న తలని చూసి అక్క అద్దాల జోడు తీసుకెళ్ళి బీరువాలో పెట్టేసింది. "రేపటి నుంచి నేనొస్తాను మీతో," అంది.

అలా మొదలైంది. సాయంత్రం పూట ఇద్దరూ బయల్దేరేవారు. బావ ముందు, అక్క వెనక, వరస పాతదే. కాకపోతే ఇప్పుడు బావ మొహం అక్క వైపు ఉంది. అక్క ఆయనకి ఎదురుగా నడుస్తూ, ఆయన భుజాల మీదుగా దారి చూస్తూ, "రానీ... రానీ... గొయ్యి ఉంది, ఆగండి... కొంచెం అటు జరగండి... రానీ..." అనేది. మొదట్లో బావ ఉద్యోగం నేర్పినట్టు దిద్దేవాడు.

"కొంచెం అంటే ఎంత? మా దగ్గర కొంచెం అనే మాట లేదు. జానెడా, బెత్తెడా చెప్పాలి."

"మీ దగ్గర భోజనానికి పిలిచే మాట కూడా లేదేమో, నేనున్నాను కాబట్టి సరిపోయింది. జరగండి జానెడు."

వారం తిరిగేసరికి అక్క ఆరితేరింది. కూరగాయల కొట్టు ముందు ఆయన్ని గోడవారగా, పక్కనున్న స్కూటరుకి తగలకుండా నిలబెట్టి, తను బేరమాడి వచ్చేది. వీధిలో వాళ్ళు ముందు నవ్వారు. తర్వాత నవ్వు మానేసి అనుమానపడ్డారు, ఇందులో ఏదో ఆరోగ్య రహస్యం ఉందని. పార్కులో రిటైరైన పెద్దమనుషులంతా వెనక్కి నడవడం మొదలుపెట్టారు. ఇద్దరు మాజీ ఆఫీసర్లు వీపూ వీపూ గుద్దుకుని, వెనక్కి తిరగకుండానే ఒకరికొకరు క్షమాపణ చెప్పుకున్నారు. ఆ క్షమాపణ ఎవరికి చెప్పారో ఇప్పటికీ వాళ్ళిద్దరికీ తెలీదు.

ఈ గోలలో నేను గమనించింది ఇంకోటుంది. అక్క రోజూ నడుస్తోంది. షుగరు దిగింది. పైగా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఒకరోజు బావ షాపుకొచ్చి ఎవరూ లేకుండా చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, మీ అక్కకి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందిరా."

"పుట్టినప్పటి నుంచీ ఉంది బావా. అందుకే దాన్నలా అంటారు."

"నవ్వితే అది పైకి జరుగుతుంది," అన్నాడు. ఆ మాటకి నేను వెక్కిరింత వెతుక్కునే లోపలే వెళ్ళిపోయాడు, వీపుతో తలుపు నెట్టుకుంటూ.

ఇంతలో డిపో నుంచి పిలుపొచ్చింది. రిటైరవబోయే వాళ్ళందరికీ అక్కడ ఒంటి పరీక్ష పెడతారు. నెగ్గినవాళ్ళు చేస్తున్న పనే చివరిదాకా చేసుకోవచ్చు. తప్పినవాళ్ళని దొరికిన వస్తువుల గదిలో కూర్చోబెడతారు. జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులు, టిఫిన్ క్యారియర్లు, ఒంటి చెప్పులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు, వాటి మధ్య ఓ కుర్చీ. విజిల్ తిరిగి ఇచ్చేయాలి. బావకి డబ్బుకేం లోటు రాదు, జీతం అంతే. కానీ ఆఖరి రోజున ఆఖరి బస్సుని తనే గోడకి చేర్చి, విజిల్ వేసి, ఆ విజిల్ మెడలో ఉండగానే గేటు దాటాలని ఆయన కోరిక. ఆ మనిషి జీవితంలో ఫలానాది కావాలని అడగ్గా నేను విన్నది అదొక్కటే.

"ఆ గదిలో పడేస్తే నేను కూడా ఎవరో మర్చిపోయిన వస్తువే కదరా," అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పరీక్షకి తోడుగా నేనే వెళ్ళాను. గదిలో బల్ల వెనకాల డిపో మేనేజరు, డిపో డాక్టరమ్మ.

"ఇలా రండి," అంది డాక్టరమ్మ.

బావ వాళ్ళకి వీపు పెట్టి, తీర్చిదిద్దినట్టు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, బల్లకి మడిచిన గొడుగు పట్టేంత దూరంలో ఆగాడు. డాక్టరమ్మ ఆయన మెడ వెనక భాగాన్ని కాసేపు చూసింది.

"ఇటు తిరగండి. ఇప్పుడు తలుపు దాకా నడవండి."

తిరిగాడు. ఆమె కళ్ళలోకి మర్యాదగా చూస్తూ తలుపు దాకా వెనక్కి నడిచాడు.

మేనేజరు రూల్సు తీసి చదివాడు. "నొప్పి లేకుండా, కుంటకుండా గది ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలని ఉందండీ. మొహం ఎటుండాలో రాయలేదు."

"రాయక్కర్లేదనుకుని ఉంటారు," అంది డాక్టరమ్మ.

"ఆయన చేసే పనే వెనక్కి నడవడం కదా మేడమ్."

"పని వరకూ సరే. గేటు దగ్గర్నుంచి పని దాకా ఎలా వస్తారు?"

తెప్పించిన టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, మా బావ ఉద్యోగం చెయ్యడానికి అర్హుడు, ఉద్యోగానికి రావడానికి అనర్హుడు. అయితే ఆయన్ని ఇంటికి పంపకుండా డిపోలోనే ఉంచేస్తే ఎలా ఉంటుందని మేనేజరు నిజంగానే అడిగాడు. మంచం ఎక్కడ వెయ్యాలో కూడా ఆలోచించాడు పాపం. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. నెల గడువిస్తామని, ముందుకి నడిచి చూపిస్తే విజిల్ ఆయనదేనని చెప్పి పంపేసింది.

ఆ నెలంతా బావ మోకాలికి చేసిన సేవ చంటిపిల్లకి కూడా ఎవరూ చేసి ఉండరు. నూనె, వేణ్ణీళ్ళ కాపడం, డాక్టరు చెప్పిన వ్యాయామం. మధ్యాహ్నం పూట బేరాలుండవు కాబట్టి డిపోలో భోజనం విరామంలో నా షాపుకొచ్చి సాధన చేసేవాడు. కళ్ళ పరీక్ష చేసే అక్షరాల బోర్డు నుంచి తలుపు దాకా, తలుపు నుంచి బోర్డు దాకా, ముందుకి. మొదట మొహం మాడ్చుకుని, తర్వాత మామూలుగా, ఆపైన ఈల వేసుకుంటూ. ఇన్నాళ్ళూ వెనక్కి నడిచి నడిచి తొడ కండ గట్టిపడిందని, ఇక ఇబ్బంది లేదని మోకాళ్ళ డాక్టరు కూడా అన్నాడు.

"మీ అక్కకి చెప్పకు," అన్నాడు బావ.

"ఎందుకు? సంతోషిస్తుంది కదా."

"ముందుకి నడవడం వచ్చేసిందంటే సాయంత్రాలు మళ్ళీ..." అని నీళ్ళు నమిలాడు. "నీ షాపులో దుమ్మెక్కువైందిరా. తుడిపించు."

సాయంత్రాలు మళ్ళీ ఏమిటో నేను అడగలేదు. ఆ వీధుల్లో ఆయన వెనక్కే నడుస్తున్నాడు, అక్క "రానీ" అంటూనే ఉంది. నొప్పి లేని మోకాలితో రోజూ నాటకం ఆడుతున్నాడు మా బావ. ఈ వయసులో సొంత భార్యతో తిరగడానికి వేషం వేసే మనిషిని నేను ఆయన్నే చూశాను.

అక్కేమో అంతకంటే ఘనురాలు. పరీక్ష ముందు రోజు షాపుకొచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ అంది, "ఆయన మోకాలు బాగైపోయింది కదరా."

"ఎవరు చెప్పారు?"

"ఎదురుగా నడుస్తున్నదాన్ని. నొప్పి ఉన్న మొహం ఎలా ఉంటుందో, లేని మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదా?" కళ్ళజోడు పెట్టుకుంది. "రేపు బాగా నడవాలి. ఆ విజిల్ లేకపోతే బెంగ పెట్టుకుంటాడు. నా నడకదేముంది, అలవాటైన వెనకేగా." ఆ రోజు అక్క మీద నాకు కోపం వచ్చింది. తనకేం కావాలో ఏనాడూ అడగదు.

పరీక్షకి ముగ్గురం వెళ్ళాం. నేనూ అక్కా తలుపు పక్కన బెంచీ మీద కూర్చున్నాం. బల్ల మీద ఈసారి నీళ్ళ జగ్గు కూడా ఉంది. బావ ఇస్త్రీ చొక్కా, మెడలో విజిల్.

"రండి," అంది డాక్టరమ్మ.

బావ ముందుకి నడిచాడు. ఏం నడకండీ అది. కుంటు లేదు, తొట్రుపాటు లేదు. మేనేజరు మొహం విప్పారింది, కలం మూత తీశాడు. సగం దూరం అయిపోయింది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

అక్కడ బావ వెనక్కి చూశాడు.

కాళ్ళు ఆగలేదు. అవి బల్ల వైపు చక్కగా నడుస్తూనే ఉన్నాయి. తల మాత్రం భుజం మీదుగా పూర్తిగా వెనక్కి తిరిగి అక్క కోసం వెతుకుతోంది. అక్క బెంచీ మీంచి లేచి, "ఆగండి, ఆగండి," అంటూనే ఉంది. అప్పటికే బల్ల ఆయన పొట్టకి తగిలింది, జగ్గు దొర్లింది, నీళ్ళన్నీ డాక్టరమ్మ ఒళ్ళోకి పోయాయి.

ఆమె కోప్పడలేదు. చీర దులుపుకుని అడిగింది, "వెనక్కి ఎందుకు చూశారు?"

"ఆవిడ అక్కడుంది కదండీ," అన్నాడు బావ, ఇంత చిన్న సంగతి కూడా తెలీదా అన్నట్టు.

డాక్టరమ్మ ఇంకొకసారి నడవమంది. నడిచాడు. అదే చోట తల మళ్ళీ వెనక్కి తిరిగింది. మూడోసారి మెడ బిగబట్టి, పళ్ళు కరుచుకుని, చూడకుండా ఉండడానికి మా బావ పడ్డ అవస్థ నేను చెప్పలేను. కాలు ఆగిపోయింది. తల వెనక్కి తిరిగింది.

మోకాలు బాగుందని, దృష్టి నిలకడ లేదని రాశారు. ఇలాంటి మనిషిని కదిలే బస్సుల మధ్య వదలలేమని మేనేజరు నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఒళ్ళు మండేది అందుకే. తిడదామంటే ఎదుట ఒక్క దుర్మార్గుడు కూడా లేడు. బావ విజిల్ తీసి, తాడు చుట్టి, తడి బల్ల మీద పెట్టాడు. సోమవారం నుంచి దొరికిన వస్తువుల గది.

గేటు బయటికొచ్చాం. మోకాలు బాగైన సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు, దాచడానికేం లేదు. బావ పూర్వంలా విసవిసా వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన తల్లి పోయినరోజు అలాగే వెళ్ళాడు. డిపోలో ఆయన స్నేహితుడు గుండె ఆగి పడిపోయినరోజూ అలాగే, అందరికంటే ముందు, వీపు నిటారుగా. ఆ రోజుల్లో ఆయన మొహం ఎలా ఉందో అక్కకి తెలీదు. నన్ను అడిగేది, "బాధపడ్డాడంటావా?" అని.

బావ గేటు దగ్గర ఆగి, అక్క వైపు తిరిగి, వెనకడుగు వేశాడు. ఇంక మొహం ఎక్కడ దాచుకుంటాడు? కళ్ళ నీళ్ళు బుగ్గల మీంచి మీసంలోకి దిగుతున్నాయి. తుడుచుకోలేదు. నడిరోడ్డు మీద, అంత మనిషి, వెనక్కి నడుస్తూ ఏడుస్తున్నాడు. అక్క ఆయన్ని చూస్తోంది. తనకీ ఏడుపొస్తోంది కానీ దారి చూడాలి కదా, ఆపుకుంటోంది.

"రానీ... రానీ... రాయి ఉంది, జానెడు ఇటు... రానీ..."

నేను పక్కనే నడుస్తూ కరెంటు తీగల మీద పిట్టల్ని చూస్తున్నట్టు నటించాను.

డిపోలోంచి ఒక బస్సు బయల్దేరి మా వెనకే వచ్చింది. సన్నటి రోడ్డు. తోలుతున్నది కుర్ర డ్రైవరు. విజిల్ మావయ్య తన వైపు మొహం పెట్టి వెనక్కి నడుస్తుంటే హారన్ కొట్టడం వాడికి చేతకాలేదు. ఆయన వేగానికి తగ్గట్టు అడుగులో అడుగేస్తున్నట్టు తోలుకుంటూ వచ్చాడు. లోపల జనం గొణుగుతున్నారు. బావ తడి కళ్ళతో ఆ బస్సుని చూశాడు. అలవాటుగా చెయ్యి పైకి లేచింది.

"రానీ... రానీ..." అన్నాడు.

దారి మీదే ధ్యాసున్న అక్కకి వెనక బస్సున్న సంగతి తెలీదు.

"వస్తూనే ఉన్నాను కదండీ," అంది.